మోరి తూనీగలు

నాకు రోత అంత తొందరగా పుట్టదు. ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్నాను. పొద్దున్నే వరుసగా పెట్టిన డబ్బాల మూతలు తీసి కఫం, మూత్రం, మలం చూసి, చేతులు కడుక్కుని, పక్క గదిలో కూర్చుని నింపాదిగా ఉప్మా తినగలను. కొత్తగా చేరినవాళ్ళు ముక్కు మూసుకుంటే నవ్వొచ్చేది. మనిషి ఒంట్లోంచి వచ్చింది ఆ మనిషి చెప్పలేని సంగతి చెబుతుంది. అందులో అసహ్యించుకోవడానికి ఏముంది అనుకునేదాన్ని.

అలాంటి నేను ఒక ఆదివారం పొద్దున, చర్చికి బయల్దేరడానికి ఇంకా రెండు గంటలుందనగా, నస్పూర్‌లో మా కాలనీ వెనకున్న కుంట గట్టు మీద కూలబడి ఖాళీ కడుపుతో పసరు కక్కుకున్నాను. ఆ సమయానికి నేను చేస్తున్న పని తూనీగల కోసం వెతకడం.

ఆ వెతుకులాట అంతకుముందు ఏడాది వానాకాలంలో మొదలైంది. ఊరంతా డెంగీ. ప్లేట్లెట్ల పరీక్షలకు వచ్చినవాళ్ళతో మా వరండాలో నిలబడే చోటు ఉండేది కాదు. ఒకరోజు మా డాక్టరమ్మ రిపోర్టుల మీద సంతకాలు పెడుతూ, "దోమల మందు కొట్టేటోళ్ళకన్నా తూనీగలు నయం. రోజంతా దోమలనే తింటయ్," అని విసుగ్గా అంది. ఆమె అక్కడితో మరిచిపోయింది. నేను మాత్రం మర్నాడు నడకకు పోయినప్పుడు కుంట దగ్గర ఆగి నిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తూనీగల్ని చూస్తూనే ఉన్నాను. చిన్నప్పుడు తోకకు దారం కట్టి ఎగరేసినదాన్నే. కానీ ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉంటుందని ఆ రోజే కనిపెట్టాను.

నాతో పాటు పక్కింటి అక్క ఉంది. తోడబుట్టింది కాదు, నాకంటే పదేళ్ళు పెద్ద. భర్త బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. పుట్టింటివాళ్ళు కరీంనగర్ వైపు మరమగ్గాల మీద బతికినవాళ్ళు. బడికి పోవాల్సిన వయసులో ఆమె మగ్గానికి నూలు కండెలు చుడుతూ కూర్చుందట. చదువు అయిదో తరగతితో ఆగింది కానీ, రంగు విషయంలో ఆమె కన్ను పొరపాటు పడదు. నేను ఎరుపు అన్నచోట ఆమెకు నాలుగు ఎరుపులు కనిపించేవి.

"ఎర్రది ఎర్రది అంటవేంది చెల్లె? అది దానిమ్మ గింజ రంగు. గా జమ్ము మీద కూసున్నది చూడు, అది ఇటుక పొడి. రెండు ఒక్కటెట్లైతయ్?" అని నన్ను కసిరేది.

ఆ కుంటకు అప్పట్లో ఎవరూ పేరు పెట్టలేదు. ఒకవైపు గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్ట, ఇంకోవైపు మా కాలనీ ప్రహరీ. మధ్య పల్లంలో వాన నీళ్ళు నిలిచి, తుంగా జమ్మూ పెరిగి, కొన్ని కలువలు పూసేవి. అడుగున నాచు కనిపించేంత తేటగా ఉండేవి నీళ్ళు. మేమొక నోటుబుక్కు పెట్టాం. అక్క పేర్లు చెప్పేది, నేను రాసేదాన్ని. దానిమ్మది, ఇటుకది, నీలిమందుది, బూడిదది. వానలు తగ్గేసరికి రెండు పేజీలు నిండాయి.

అన్నిటికంటే ఆలస్యంగా కనిపించింది చీరంచుది. దాని రెక్కలు మిగతా వాటిలా గాజులా ఉండవు. పసుపు మీద నల్లటి మచ్చలు, బంగారు మెరుపు. ఎగరడం కూడా తూనీగలా దూసుకుపోవడం కాదు, సీతాకోకచిలుకలా గాలిలో ఊగుతూ పోతుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గిదేందే, రెక్కకు అంచు నేసిండ్రు! మా బాపు చూస్తే మగ్గం ఆపి కూసుంటుండె," అంది. నేను ఆమె చెయ్యి విడిపించుకోలేదు.

ఎండాకాలంలో కుంటను బాగుచేశారు.

బాగుచేసింది మా నడక సంఘం. కాలనీలో పొద్దున్నే నడిచేవాళ్ళంతా కలిసి పెట్టుకున్నదే, నేనూ అందులో సభ్యురాలినే. అధ్యక్షుడు రిటైరైన పెద్దమనిషి, అందరూ సార్ అంటారు. తెల్ల బూట్లు, మెడలో తువ్వాలు, ఎవరు ఎదురొచ్చినా చేతులు జోడించే అలవాటు. ఆయన దాతల్ని పట్టి, జేసీబీ తెప్పించి, తుంగనీ జమ్మునీ వేళ్ళతో సహా పీకించాడు. మూడు వైపులా రాళ్ళు పేర్చి సిమెంటు పూయించాడు. నడుమ ఫౌంటెన్, పార్కు అంటూ ఒక గేటు, దాని దగ్గర ఫోటోలు దిగడానికి ఎర్రటి పెద్ద అక్షరాలు. ఎండకు నీళ్ళు తగ్గితే అందం పోతుందని, కాలనీ మురికినీళ్ళు పోయే మోరిని తిప్పి కుంటలోకి కలిపించాడు. ఇది మాకు అప్పుడు తెలియదు. వేసవి నడుమ కూడా కుంట నిండుగా ఉంటే అందరితో పాటు నేనూ సంతోషించాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే వెగటు.

వానలు మొదలయ్యాక నోటుబుక్కు తీసుకుని పోయాం. దానిమ్మది లేదు. నీలిమందుది లేదు. వారం రోజులు తిరిగినా ఒక్కటే రకం కనిపించింది. ఒళ్ళంతా నారింజ రంగు, రెక్కల మీద కూడా నారింజ మరకలు. ఒకటీ రెండూ కాదు, గుంపులు గుంపులు. సిమెంటు గట్టు మీద, తేలుతున్న సీసాల మీద, ప్లాస్టిక్ కవర్ల మీద. ఫోన్‌లో వెతికితే తెలిసింది, మురికినీళ్ళలో కూడా చక్కగా బతికే రకమట అది. మిగతావి చచ్చే చోట ఇది పిల్లల్ని పెడుతుంది. అక్క దానికి రంగు పేరు పెట్టలేదు. "మోరిది" అని రాయమంది.

అయినా చీరంచుది ఎక్కడో మూలన మిగిలి ఉంటుందని ఆశ. నాలుగో వైపు, మట్టిగుట్ట కింద సిమెంటు వేయని చోట కాస్త జమ్ము మిగిలింది. తూనీగ పిల్ల నీళ్ళలో పెరిగి, ఆకు మీదికి పాకి, పొట్టు విడిచి ఎగిరిపోతుంది. ఆ పొట్టు దొరికినా చాలు అనుకున్నాం. ఆ ఆదివారం అటువైపు దిగింది అందుకే.

దిగుతుంటేనే తెలిసింది మోరి అక్కడే కలుస్తుందని. నీళ్ళ మీద బూడిద రంగు మీగడ. పిల్లలకు కట్టి పారేసిన డైపర్లు నీళ్ళు తాగి ఉబ్బి, ఒకదాని పక్కన ఒకటి తెల్లగా తేలుతున్నాయి. చికెన్ దుకాణం ఈకలు ఆకులకు పట్టి అంటుకుపోయాయి. అక్క కొంగు ముక్కుకు కట్టుకుని గట్టు మీదే ఆగిపోయింది.

"వద్దు చెల్లె, ఎక్కిరా. ఆడేముంటదే, థూ!"

"ఒక్క నిమిషం అక్కా."

జమ్ము మొదట్లో రెక్కలాంటి మెరుపు కనిపించింది. వంగి చెయ్యి పెట్టాను. గుట్కా ప్యాకెట్టు. సరిగ్గా అప్పుడే నా కాలు మెత్తగా దేంట్లోనో దిగింది. మూతి కట్టిన నల్ల కవరు. పగిలింది. కోడి పేగులు, కాళ్ళు, తలలు, వాటి నిండా బియ్యం గింజల్లా కదులుతున్న పురుగులు. చీలమండ దాకా మునిగిన కాలును పైకి లాగితే చెప్పు రాలేదు. పురుగులు వేళ్ళ సందుల్లోకి పాకుతున్నాయి. అప్పటికీ నాకు వాంతి రాలేదు. పళ్ళు బిగబట్టి ఆకుతో తుడుచుకుంటున్నాను.

తలెత్తి చూస్తే ఎదురుగా, గేటు దగ్గరి గట్టు మీద పానీపూరీ బండి అతను బకెట్టు ముంచుతున్నాడు. ముంచి, బండి దగ్గరికి పోయి, రాత్రి మిగిలిన స్టీలు ప్లేట్లు అందులో వేసి తిప్పి తీసి బోర్లించాడు. ముందురోజు సాయంత్రం ఆ బండి దగ్గరే నేనూ అక్కా రెండేసి ప్లేట్లు తిన్నాం. చింతపండు నీళ్ళు బాగున్నాయని ఇంకోసారి పోయించుకుని తాగాను కూడా.

గట్టు ఎక్కానో లేదో కడుపులో ఉన్నదీ లేనిదీ పైకి వచ్చింది.

కాలు కడుక్కోవడానికి కూడా ఆ చుట్టుపక్కల నీళ్ళు లేవు. ఒంటి చెప్పుతో బండి దగ్గరికి పోయాను. నా వాలకం చూసి అతను భయపడ్డాడు.

"గా నీళ్ళతోని కడుగుతున్నవా? మనుషులు తినే ప్లేట్లు?" అన్నాను.

"నల్లా రెండు దినాల సంది వస్తలేదక్కా. ఏం చెయ్యాలె? మంచి నీళ్ళే గదా, ఫౌంటెన్ పెట్టిండ్రు సార్లు," అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. దాంతో నేను తిట్టకుండానే ఇంటిదారి పట్టాను. ఆ రోజు చర్చిలో పక్కనున్నామె నాకు కాస్త దూరం జరిగి కూర్చుంది. రెండుసార్లు సబ్బుతో కడిగినా వాసన పోలేదు మరి.

ఆ వారంలోనే సార్ మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, టీ వద్దని, చేతులు జోడించాడు.

"మేడం, మీరూ మీ అక్కా తూనీగలను మంచిగ చూస్తరట గదా. మన పార్కుల తూనీగల పండుగ పెడుతున్నం. ఆఫీసరు సార్ వస్తుండు. ఆసుపత్రి నుంచి మీరు రెండు ముక్కలు మాట్లాడాలె."

ఆయన ఫోన్‌లో అప్పటికే ఫ్లెక్సీ తయారుగా ఉంది. నారింజ తూనీగ పెద్ద బొమ్మ, దాని కింద 'తూనీగలు ఉన్నచోట నీళ్ళు స్వచ్ఛం'.

"సార్, అది మోరినీళ్ళల్ల బతికే తూనీగ. నీళ్ళు బాగుంటే ఉండే రకాలు ఒక్కటి కూడా మిగలలే. మోరి కలిసినకాడ పోయి చూసిన్రా?"

"అన్నీ అయితయ్ మేడం, ఫికర్ చెయ్యకుండ్రి. ఆఫీసరు సార్ ముందు మనం మంచిగ కనబడితే మోరి పైపు పక్కకు ఏపిస్తరు. ఫస్టు పేరు రానియ్యుండ్రి. తూనీగ తూనీగే గదా, గవన్నీ ఎవలకు తెలుస్తయ్?"

ఆ చివరి మాటకే నేను లేచి బయటికి పంపాల్సింది. కానీ పైపు అన్న మాట పట్టుకుని వేలాడాను. వేదిక మీద నిజం చెప్పే అవకాశం వస్తుంది కదా అని కూడా అనుకున్నాను. సరే అన్నాను. ఆయన పోయాక అక్క గోడ అవతలి నుంచి అంది: "పోకే. గాళ్ళకు నీ మాట అక్కరలేదు, నీ ఆసుపత్రి అక్కరుంది."

పండుగ రోజు షామియానా వేశారు. మైకు, పూలకుండీలు, ఫౌంటెన్ పూర్తి జోరు మీద. గాలికి ఆ తుంపర కుర్చీల మీద పడుతుంటే ఆడవాళ్ళు చల్లగా ఉందని నవ్వుతున్నారు. నేను మూతి తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆఫీసరు నల్ల కారు గట్టు పక్కనే ఆపారు. అప్పుడే తుడిచినట్టున్నారు, ఆకాశం అందులో కనిపిస్తోంది. నారింజ తూనీగ ఒకటి దాని మీద ఎగురుతూ, కిందికి దిగి తోకతో బానెట్‌ను తాకుతోంది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ తాకుతుంది. గుడ్లు పెడుతోంది. మెరిసేదాన్ని చూసి నీళ్ళనుకుంటాయవి. మాడిపోయే ఇనుము మీద గుడ్లు.

"చూడుండ్రి, సార్ కారు దీనికి కూడ నచ్చింది!" అని ఎవరో అన్నారు. అందరూ గొల్లున నవ్వి ఫోన్లు తీశారు. ఆఫీసరు కూడా లేచి వచ్చి దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు.

నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసుకుని పోయాను. 'ఈ నీళ్ళలో మలం ఉంది' అన్నది మొదటి వాక్యం. ఎదురుగా ముందు వరుసలో సార్ చిరునవ్వుతో చేతులు జోడించాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను కాగితం మడిచాను. తూనీగలు దోమల్ని తింటాయనీ, డెంగీ తగ్గాలంటే వాటిని కాపాడుకోవాలనీ, ఇంత చక్కటి కార్యక్రమం పెట్టినందుకు సంఘానికి ధన్యవాదాలనీ చెప్పాను. అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పాల్సినదీ ఒక్కటీ లేదు. శాలువా కప్పారు. నేను తల వంచి కప్పించుకున్నాను.

తర్వాత టిఫిన్లు. ఇడ్లీ తిన్న ప్లాస్టిక్ ప్లేట్లు బుట్టలు నిండాక, వడ్డించేవాళ్ళు బుట్టలెత్తి గట్టు వెనక్కి తీసుకుపోయి నీళ్ళలోకి గుమ్మరించారు. ఫ్లెక్సీ కట్టిన చోటుకు పది అడుగుల దూరంలో. సార్ చూశాడు. ముఖం ఇటు తిప్పుకున్నాడు. చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను, భుజాల మీద శాలువాతో.

అక్క చివరి వరుసలో కూర్చుని ఉంది. నేను చూసేసరికి లేచి పోతోంది. నావైపు తిరగలేదు.

మూడు రోజులు ఆమె నడకకు రాలేదు. నాలుగో రోజు నేనే వాళ్ళింటికి పోయాను. కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు.

"మాట్లాడవా అక్కా?"

"ఏం మాట్లాడాలె? ల్యాబుల గంత మందికి ఉన్నదున్నట్టు రాసిస్తవు గదా. రోగమున్నదని ఎవని దగ్గరన్నా దాచినవా? మైకు ఇయ్యంగనే ఏమైంది?"

పురుగుల్లో కాలు పెట్టిన రోజు కంటే ఆ నిమిషం ఎక్కువ రోత పుట్టింది. ఈసారి నామీద. ఆ కాలును కడుక్కోగలిగాను.

మా బాపు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అది మూతపడినప్పుడు అక్కడి పాత మైక్రోస్కోపు ఒకటి ఆయనకు ఇచ్చేశారు. కరెంటు అక్కర్లేదు, కింద అద్దం తిప్పి ఎండ పట్టిస్తే చాలు. ఆయన పోయాక అది మా ఇంట్లో దుప్పటి కింద పడి ఉంది. దాన్ని తుడిచి, నూనె వేసి పెట్టాను. ఫౌంటెన్ దగ్గర నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి, అడుగున మడ్డి దిగేదాకా ఉంచాను. తర్వాతి ఆదివారం పొద్దున మైక్రోస్కోపును సంచిలో పెట్టుకుని, నడిచేవాళ్ళంతా ఆగి కూర్చునే సిమెంటు బల్ల మీద దింపాను. అక్క పక్కన నిలబడింది.

"రాండ్రి, జర చూడుండ్రి. మన పార్కు నీళ్ళు," అని నేనే పిలిచాను.

సరదాగా వచ్చారు మొదట. ఒకాయన కన్ను పెట్టి, "ఏంది మేడం, గుండ్రంగ, గోధుమ రంగుల, అంచుకు గరుకు గరుకు ఉన్నది?" అన్నాడు.

"నట్టల గుడ్డు. ఏలికపాములంటరు గదా, మనిషి కడుపుల ఉంటయ్. మలంల బయటికొస్తయ్. ఫౌంటెన్ల కెళ్ళి మీ మీద పడేవి గివే."

ఆయన చటుక్కున వెనక్కి జరిగి మీసాలు తుడుచుకున్నాడు. తర్వాత చూసినామె రోజూ మనవరాలిని ఫౌంటెన్ కింద ఆడించే మనిషి. చాలాసేపు చూసింది. పోయి, నీళ్ళలో చేతులు పెట్టి ఆడుతున్న పిల్లను రెక్క పట్టి లాగి తీసుకుపోయింది. పానీపూరీ అతను కూడా వచ్చాడు. చూసి, "నేను గీ ప్లేట్లల్లనే తింట అక్కా," అన్నాడు మెల్లగా. మర్నాటి నుంచి డబ్బాలో నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

సార్ చివరికి వచ్చాడు. చూడక తప్పలేదు. ఒక్క క్షణం చూసి, తువ్వాలుతో కన్ను తుడుచుకున్నాడు, ఏదో కంట్లో పడ్డట్టు.

"పొద్దుగాల పొద్దుగాల గిదేం రోత మేడం? మొన్న శాలువా కప్పితిమి."

"కప్పిన్రు సార్. గందుకే ఇంకా గలీజుగ ఉన్నది. మొన్న చెప్పాల్సింది ఇయ్యాల చెబుతున్న," అన్నాను. శాలువా తెచ్చి ఆయన చేతిలో పెట్టలేదు. అలాంటి నాటకం నాకు చేతకాదు. అది ఇంకా బీరువాలోనే ఉంది, కప్పుకోనూ లేను, ఎవరికీ ఇవ్వనూ లేను.

మోరి పైపును పక్కకు తిప్పాలని పై ఆఫీసుకు దరఖాస్తు రాశాం. అక్క సంతకం మొదట పెట్టింది. బల్ల దగ్గర చూసినవాళ్ళలో సగం మంది సంతకం చేశారు, సగం మంది చూద్దామన్నారు. ఎవరో వచ్చి మోరిని చూసి పోయారు. పైపు మాత్రం పక్కకు పోలేదు. చికెన్ కవర్లు ఇప్పుడు ఇంకో చోట పడుతున్నాయి, అంతే. చీరంచుది ఆ కుంటలో మళ్ళీ కనిపించలేదు. ఆ ఏడాదంతా వెతికాం, దాని పొట్టు కూడా దొరకలేదు. అప్పుడప్పుడూ ఆలోచిస్తాను, ఎక్కడికైనా ఎగిరిపోయిందా, లేక జేసీబీ లాగిన జమ్ము వేళ్ళతో పాటు దాని పిల్లలన్నీ గట్టు మీద ఎండిపోయాయా అని. రెండోదే నిజమని నాకు తెలుసు.

జరిగింది ఒక్కటే. ఫౌంటెన్ ఆపేశారు.

మొన్న కిరాణా దుకాణంలో మా వీధిలో ఉండే ఒకామె ఎదురైంది. సంతకం చేయనివాళ్ళలో ఆమె ఒకతె.

"మీ పురుగుల పిచ్చి పాడుగాను, పిల్లలకు ఒక్క ఫౌంటెన్ ఉండే, అది కూడ బందు పెట్టిచ్చిన్రు. ఎంత మంచిగుండె!" అని నిలదీసింది.

నాకు కోపం రాలేదు. వాళ్ళ పిల్లవాడికి పోయిన నెల కడుపునొప్పి వస్తే పరీక్ష చేసి రిపోర్టు రాసిచ్చింది నేనే. నట్టలని రాశాను. ఆమె మందులు కూడా వాడింది. మళ్ళీ చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె అప్పటికే పక్కకు తిరిగి సబ్బు ధర అడుగుతోంది.

"రేపు బాబును ఒకసారి ల్యాబుకు తీసుకరా," అన్నాను. "మళ్ళ చూస్త."

ఆమె సబ్బు సంచిలో వేసుకుని చిల్లర లెక్కపెట్టుకుంది.